ఒక్క పిల్లకే పరీక్ష

“ఏదీ, వేలు చూపించు. ఎవరు గుచ్చారు?”

బడి నుంచి వచ్చిన పిట్టను గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది తల్లి. పాప చూపుడు వేలికి చిన్న పట్టీ అంటించి ఉంది.

“నర్సమ్మ. చీమ కుట్టినట్టే ఉందమ్మా. నేను ఏడవలేదు తెలుసా!”

“అందరికీ గుచ్చిందా?”

“ఊహూ. నాకొక్కదానికే.”

లోపల బట్టలు మడతపెడుతున్న నాయనమ్మ చేతిలో చొక్కాతోనే బయటికి వచ్చింది. గింజలు ఏరుకున్నట్టు తింటుందని మనవరాలికి పిట్ట అని పేరు పెట్టింది ఆవిడే.

“ఇంకేం చేసిందే నా తల్లీ?”

“బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచింది. చెవి వెనక రెండు వెంట్రుకలు పీకింది. అదే నొప్పెట్టింది నాయనమ్మా! తర్వాత మేజోడు విప్పి అరికాలు చూసింది.”

“అరికాలా?” తల్లి పాప పాదాల వైపు చూసింది.

“ఊఁ. చాలాసేపు. అప్పుడు నా తల వాసన చూసింది.”

తల్లి పాపను దగ్గరికి లాక్కుంది.

“రక్తం, ఉమ్మి, వెంట్రుకలు!” నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “ఇది పరీక్ష కాదే అమ్మాయ్, చేతబడి! ఏ పాపిష్టి కళ్ళు పడ్డాయో నా బంగారం మీద.”

“గడియ పెట్టుకోండి అత్తయ్యా. ఎవరొచ్చినా తియ్యొద్దు. నేను బడికెళ్ళొస్తా.”

ఆమె వెళ్ళేసరికి ఆయా గదులు ఊడుస్తోంది. హెడ్మిస్ట్రెస్ బీరువాకు తాళం వేసి బయలుదేరబోతోంది.

“చేర్పించిన రోజే చెప్పాను కదండీ. సూది గుచ్చాలన్నా, ఫొటో తియ్యాలన్నా ముందు నాకు చెప్పాలని.”

“చెప్పారు. మీ అంత జాగ్రత్త గల తల్లిని నేను చూడలేదు కూడా. కానీ ఇవాళ బడిలో ఏ పరీక్షా పెట్టలేదమ్మా. తల్లిదండ్రులు సరేననకుండా మేం పిల్లల పళ్ళు కూడా చూడనివ్వం.”

“మరి మా పిల్లని చూసిందెవరు?”

హెడ్మిస్ట్రెస్ వెంటనే క్లాసు టీచర్ని పిలిపించింది. పాతికేళ్ళు కూడా నిండని ఆ అమ్మాయి సంగతి వినగానే తెల్లబోయింది.

“తెల్లకోటు వేసుకుంది, మెడలో కార్డు ఉంది మేడం. మీరే పంపారనుకున్నా. సరాసరి ఈ పాపనే చూపించి అడిగింది. వాళ్ళమ్మ ఒప్పుకుందా అని అడిగాను కూడా.”

“ఏమంది?” తల్లి అడిగింది.

“‘వాళ్ళమ్మకి ఇష్టమే’ అంది. ఇంత కూడా తడబడలేదండీ. అబద్ధం చెప్పే మనిషిలా అనిపించలేదు.”

గేటు దగ్గరి కాపలాదారుకు ఆమె బాగానే గుర్తుంది.

“ఆవిడా? కొన్నాళ్ళుగా ఎదురు కొట్టు మెట్ల మీద కూర్చుంటోందండీ. బడి వదిలాక పిల్లలంతా వెళ్ళేదాకా చూసి లేచిపోతుంది. ఎవరో పిల్ల తల్లి అనుకున్నా. ఇవాళ తెల్లకోటు చూసి నర్సు కాబోలని లోపలికి వదిలా.”

హెడ్మిస్ట్రెస్ ఫోను అందుకుంది. “పోలీసులకి చెబుతున్నా. ఇలాంటివి నాన్చకూడదు.”

తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. “వద్దు.”

“వద్దంటే ఎలా? రేపు ఇంకేదైనా జరిగితే?”

“ఆడపిల్లండీ. నలుగురి నోళ్ళలో పడుతుంది. వాళ్ళ నాన్నతో మాట్లాడి చెబుతాను.”

హెడ్మిస్ట్రెస్ ఫోను కింద పెట్టింది. బడి పేరు బజారున పడదన్న ఊరట ఆమె ముఖంలో దాగలేదు. క్లాసు టీచర్ ఏడుపు ఆపుకోలేక, “నాదే తప్పండీ,” అంది. “మీ తప్పేం లేదమ్మా,” అని తల్లి ఆమె భుజం తట్టి బయటికి నడిచింది.

ఎదురు కొట్టు మెట్లు ఖాళీగా ఉన్నాయి. దారి పొడుగునా ఎవరో వెనకే వస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే కూరల సంచీతో ఒకామె, గొడుగు ముడుచుకుంటూ ఇంకొకామె. నడక పరుగైంది.

ఇంటికి చేరగానే భర్తకు ఫోను చేసింది.

“కారులో పెట్రోలు పోయించుకుని రండి.”

అతను కారణం అడగలేదు. “పిట్ట ఇంట్లోనే ఉందిగా?” అని మాత్రం అడిగాడు.

అటక మీది పెట్టెలు కిందికి దిగాయి. చేతికందిన బట్టలు అందినట్టే పెట్టెల్లో కుక్కుతున్న కోడలిని చూసి అత్తగారికి ఒళ్ళు మండింది.

“మళ్ళీ ఊరు మారడమా? పిల్లి కూనల్ని తిప్పినట్టు దీన్ని పుట్టినప్పట్నుంచీ ఊళ్ళు తిప్పుతూనే ఉన్నారు! దూరాభారమని పురిటికి నన్ను రానివ్వలేదు, సరే, ఊరుకున్నా. ఇవాళ మాత్రం ఊరుకోను. తప్పు చేసింది అదైతే పారిపోవడం మనమా?”

“మెల్లగా అత్తయ్యా. పిట్ట వింటుంది.”

లోపలి గదిలో పాప బొమ్మకు వేలు గుచ్చే ఆట ఆడుతోంది. “ఏడవకు కన్నా, అయిపోయింది, అయిపోయింది,” అంటోంది ఎవరి గొంతునో అనుకరిస్తూ. తల్లి వెళ్ళి ఆ గది తలుపు దగ్గరగా వేసింది.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. గట్టిగా కాదు. మునివేళ్ళతో తట్టినట్టు, లోపల ఎవరో నిద్రపోతుంటే లేపడం ఇష్టం లేనట్టు.

ఇద్దరూ కదల్లేదు. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు.

“మీ ఆయనైతే హారన్ కొడతాడు,” అత్తగారు గొంతు తగ్గించింది. మూలనున్న కర్ర అందుకుంది. “అదే! పిల్లల్ని ఎత్తుకుపోయే రకం. చేతబడీ లేదు గాడిదగుడ్డూ లేదు. ఇవాళ దాని సంగతి తేల్చేస్తా!”

గడియ మీద పడిన ఆవిడ చేతిని కోడలు రెండు చేతులా పట్టుకుంది.

“ఎత్తుకొచ్చింది ఆవిడ కాదు అత్తయ్యా, మేము.”