వెనక ఎడమ మూల

"ఆరోవాడేడి?" విజిల్ నోట్లోంచి తీసి అడిగారు డ్రిల్లు మాస్టారు.

"ఉన్నాడు. మీరు విజిల్ వేయండి మాస్టారూ," అన్నాడు టీమ్ కెప్టెన్ టైలరు.

మాస్టారు కోర్టు వెనక ఎడమ మూల వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. అప్పటిదాకా సంతలా గోలగోలగా ఉన్న జనం కూడా అటే తిరిగారు.

ఆ మూల తాపీమేస్త్రి కొడుకుది. ఈ ఊళ్ల వాలీబాల్‌లో చోట్లు మారడాలు, ఆట ఆటకీ వైపులు మారడాలు గట్రా ఉండవు. ఎవరి చోటు వాళ్లదే. పోయిన వానాకాలంలో చేలో మోటారు వేయబోయి, కరెంటు షాక్ కొట్టి పోయాడు ఆ పిల్లాడు. మీసం కూడా సరిగ్గా దిద్దుకోలేదు పాపం. వాడి చోట ఇంకొకణ్ణి నిలబెట్టడానికి ఊళ్లో ఎవరికీ మనసొప్పలేదు. ఐదుగురమే ఆడతాం, ఓడితే ఓడతాం అన్నారు.

ఆ 'ఓడితే ఓడతాం' అనే మాటే మేస్త్రికి గిట్టలేదు. అవతల ఉన్నది వాగు అవతలి ఊరు మరి! నిరుడు బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని తగువొచ్చి, తన కొడుకూ, ఆ ఊరి పొడుగోడూ చొక్కాలు చొక్కాలు పట్టుకున్నారు. అప్పట్నుంచి రెండు ఊళ్లకీ మాటల్లేవు. సరే, కుర్రాళ్ల తగువు. కానీ కొడుకు పోయినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయే, వాగు దాటి ఒక్క పురుగు రాలేదు. చావు దగ్గర కూడా పంతమేనా? ఆ మంట మేస్త్రి కడుపులో ఇంకా చల్లారలేదు. ఇవాళ కప్పు తీసుకెళ్లి కొడుకు ఫోటో ముందు పెట్టాలి. వాళ్లు తలలు దించుకుని వాగు దాటాలి. అంతే!

పొద్దున్నే బిందెడు నీళ్లు, తన పనిచెక్క పట్టుకుని కోర్టు దగ్గరికొచ్చాడు. ఏటా చేసినట్టే ఆ మూల మట్టి తడిపి, గచ్చు తోమినట్టు నున్నగా తోమాడు. కొడుకు కాలు జారకూడదని మొదలుపెట్టిన పని. మానడానికి చెయ్యి రాలేదు.

"అందులో ఎవడైనా అడుగుపెట్టాడో, కాళ్లు విరగ్గొడతా," అని టీమ్‌కి ముందే చెప్పాడు.

విజిల్ మోగింది.

"నా తండ్రే! లాగి కొట్టరా!" మేస్త్రి అరుపు వాగుదాకా వినిపించి ఉంటుంది.

"మెల్లగా అరవండి, గొంతు పోతుంది," అంది పక్కనే మంచినీళ్ల బిందెతో కూర్చున్న భార్య.

"పోనీవే. ఇంటికెళ్లి ఎవరితో మాట్లాడాలి కనక?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని కోర్టు వైపు తిరిగింది.

మొదటి ఆట వీళ్లది. రెండోది వాళ్లది. మూడోదాంట్లో నువ్వా నేనా అన్నట్టు సాగింది. టైలరు మోకాళ్లు చెక్కుకుపోయేలా పడి పడి బంతులు లేపుతున్నాడు. అవతల పొడుగోడు ఎగిరితే నడుం దాకా వల పైకొస్తాడు. అలాంటివాడు ఇవాళ రెండు బంతులు వలకి కొట్టాడు, రెండు కుడి గీత దాటించాడు.

"కళ్లజోడు పెట్టించుకోరా పొడుగోడా!" అని అరిచాడు మేస్త్రి. జనం విరగబడి నవ్వారు. పొడుగోడు ఈ వైపు చూడనే లేదు.

ఇంకొక్క పాయింటు. అది ఎవరికొస్తే వాళ్లదే కప్పు. జనమంతా లేచి నిలబడ్డారు. బంతి వాళ్ల వైపు గాల్లోకి లేచింది. దాని కింద పొడుగోడు ఎగిరాడు. వీళ్లయిదుగురూ తోసుకుంటూ కుడివైపు ఉండిపోయారు. ఎడమ మూల వాకిలి తెరిచిన ఇల్లులా ఉంది. అయిపోయింది అనుకుని మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ధబ్బుమని చప్పుడు. విజిల్.

"అవుట్!"

ఒక్కసారిగా ఊరు ఊరంతా, ఆ మూల ఒక్కటీ తప్పించి, కోర్టులోకి ఉరికింది.

"ఎక్కడ? ఎక్కడ పడిందిరా?" మేస్త్రి కళ్లు తెరిచాడు.

"కుడి గీత అవతల! గెలిచాం మావా!"

"వాడే తోశాడు! నా కొడుకే బంతిని అటు తోశాడర్రా!" అంటూ ఏడుస్తూ నవ్వుతూ గంతులేశాడు మేస్త్రి. టైలరు అతన్ని అమాంతం భుజాలకెత్తుకున్నాడు. డ్రిల్లు మాస్టారు కప్పు తెచ్చి చేతిలో పెట్టారు.

కిందికి దిగి చూసేసరికి, భార్య నీళ్ల చెంబు పొడుగోడి చేతికిస్తోంది. వాడు గటగటా తాగి, "వస్తాం పిన్నీ," అని తలొంచుకుని వెళ్లిపోయాడు.

"మన పిల్లలకివ్వకుండా ముందు వాడికెందుకే నీళ్లు?"

"ఇంటికొచ్చినవాళ్లకి ముందు ఇవ్వాలి కదండీ."

"ఇదేమన్నా ఇల్లా? మతి పోయిందా నీకు?"

"నేను కళ్లు మూసుకోలేదు," అందామె. "వెళ్లి అబ్బాయి చోటు చూసి రండి."

మేస్త్రి కప్పు చంకన పెట్టుకుని జనాన్ని తప్పించుకుంటూ వెళ్లాడు. కోర్టంతా బంతి దెబ్బలకి గుంటలు పడి ఉంది. ఎడమ మూల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మట్టి మీద పొద్దున తను తోమిన చెక్క గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేలితో తడిమి చూశాడు. తలెత్తి, వాగు వైపు నడిచిపోతున్నవాళ్లని చూశాడు.

ఆట మొత్తంలో వాళ్లు ఒక్క బంతి కూడా అక్కడ పడనివ్వలేదు.