వేడి నూనెలో కాగితం

"నా చేతులే వాడి ప్రాణం తీశాయా పెద్దాయనా? నిజం చెప్పండి."

చిసెంగ గుమ్మంలోనే నిలబడిపోయింది. తమ్ముడు లుబుండను పూడ్చి తొమ్మిది రోజులైంది. పిండిమర పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ పేలి, మండుతున్న నూనె వాడి మీద పడింది. అందులోని తీగచుట్టకు కరెంటు దాటకుండా కాగితం చుట్టింది చిసెంగే. కిట్వే పట్టణంలోని ఈ ట్రాన్స్‌ఫార్మర్ల వర్క్‌షాపులో పదకొండేళ్లుగా ఆమెది అదే పని.

"అది చుట్టిన వారం నాకు మలేరియా. ఒళ్లు కాలిపోయేది. ఎక్కడైనా చెయ్యి తప్పిందేమో. కళ్లు మూస్తే అదే కనపడుతోంది."

ట్రాన్స్‌ఫార్మర్లను పరీక్షించే గదిలో కపెంబ్వ ఒక్కడే ఉన్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి.

"ముందు కూర్చో తల్లీ."

నూనెలో నానిన కాగితం ముక్కను నూనె నింపిన గిన్నెలో రెండు ఇత్తడి బిళ్లల మధ్య పెట్టాడు. వోల్టేజీ పెంచుకుంటూ పోయాడు. మీటరు ముల్లు ఇరవై వేలు దాటింది. ముప్పై దాటింది. కాగితం చెక్కుచెదరలేదు.

"చల్లగా ఉంటే ఇలా నిలుస్తుంది. ఇప్పుడు చూడు."

నూనె బాగా కాగనిచ్చి, అలాంటి ముక్కనే మళ్లీ పెట్టాడు. ఈసారి ముల్లు పదిహేను వేల దగ్గరికి రాగానే టప్పుమని చప్పుడైంది. కాగితం మధ్యలో నల్లటి చిల్లు.

"అక్టోబరు, మన దగ్గర ఎండలు మండే నెల. పైగా మర పొద్దస్తమానం తిరిగింది. ఆ వేడికి కాగితం బలమంతా పోయింది. నీ చేతిదేం తప్పు లేదు."

"మరి ఎవరిది?"

"నాది. దాన్ని పంపే ముందు ఇలా వేడి చేసి చూడాల్సింది. బద్ధకించి, చల్లగా ఉన్నప్పుడే చూసి సంతకం పెట్టేశాను. తప్పు నాదేనని పైవాళ్లకు కూడా రాసిచ్చాను."

చిసెంగ లేచింది.

"వాడికి ఇరవై రెండేళ్లు! మీ అంత్యక్రియలకు నేను రాను. నా పిల్లల్నీ రానివ్వను. వింటున్నారా?"

"వింటున్నాను తల్లీ."

గుమ్మంలో ఉమ్మేసి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఆమె బావురుమనడం కిటికీలోంచి వినిపించింది. ఖననం రోజున కూడా ఆ కళ్ల నుంచి చుక్క రాలలేదు. ఆ ఏడుపు దూరమయ్యేదాకా కపెంబ్వ కదలలేదు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను అతను వేడి చేసే పరీక్షించి పంపాడు; ఆ రోజు అది తట్టుకుంది. నిన్న ఒంటరిగా విప్పి చూసినప్పుడు, పేలిన చోట మూడు పొరలుండాల్సిన కాగితం ఒక్క పొరే ఉంది.