గుండీల కౌంటరు స్టూలు

“ఒక్కటంటే ఒక్క గుండీయా మామ్మగారూ? రెండోది కొంటే పాపమా?”

కౌంటరు పిల్ల అలా అనేసరికి ముసలావిడ బోసినోటితో నవ్వింది.

“రెండూ ఇవాళే కొనేస్తే, రేపు ఏ వంక పెట్టుకుని రానమ్మా?”

ఆ కుట్టుసామాన్ల కొట్లో అందరూ ఆవిడను గుండీల మామ్మ అనేవారు. బేరాలు సద్దుమణిగిన మధ్యాహ్నం వేళకు గడియారం కొట్టినట్టు వచ్చేది. తెల్లదో నల్లదో ఒక్క గుండీ ఏరుకోవడానికి అరగంట. పోనీ ఊళ్ళో కబుర్లు చెబుతుందా అంటే అదీ లేదు. రోజూ ఒకటే ప్రశ్న.

“కాళ్ళు నొప్పులు పుట్టడం లేదు కదా?”

“ఎందుకు పుడతాయండీ, స్టూలుందిగా!”

ఆ మాటకు ఆవిడ ముఖం చూడాలి, చేటంత అయ్యేది.

“ఇంట్లో ఎవరూ లేరా మామ్మగారూ?”

“ఎందుకు లేరూ? నాలుగు గోడలున్నాయి. ఏమన్నా ఎదురు చెప్పవు, బంగారాలు.”

పిల్లకు నవ్వొచ్చేది, వెనకే జాలేసేది. తనూ అద్దెగదిలో ఒంటికాయ సొంటికొమ్మే మరి.

ఒకనాడు కొట్టు కిటకిటలాడింది. పొద్దుటి నుంచీ పిల్లకు నడుము పట్టేసి ఉంది. లోపలి అరలోంచి డబ్బా తెచ్చేలోగా ఏముంది, గుండీల మామ్మ కౌంటరు వెనక్కి వచ్చి దర్జాగా స్టూలెక్కి కూర్చుంది!

పిల్లకు ఒళ్ళు మండింది.

“లేవండి మామ్మగారూ! గోడ మీద బోర్డు చదవలేదా? అది అమ్మేవాళ్ళు కూర్చునే స్టూలు. చట్టమండీ! ఓనరుగారు కూర్చున్నా లేపేస్తాను.”

కొట్టు కొట్టంతా ఇటు తిరిగింది.

ఆవిడ కౌంటరు పట్టుకుని మెల్లగా లేచింది. పిక్కల మీద నరాలు తాళ్ళలా మెలికలు తిరిగి ఉన్నాయి.

“నిజమేనమ్మా, అది నీదే. ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా సరే.”

ఆ రోజు గుండీ కొనకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మధ్యాహ్నమైతే చాలు, పిల్ల కళ్ళు గుమ్మం మీదే. ముత్యపు రంగు గుండీ ఒకటి ఏరి విడిగా దాచింది కూడా. నోరు జారిన మాటేమైనా గుండీయా, తీసి మళ్ళీ డబ్బాలో వేసుకోవడానికి!

నెల తిరిగాక ఒక నర్సు వచ్చి రేకు డబ్బా ఒకటి కౌంటరు మీద పెట్టింది. మూత తీస్తే నిండా గుండీలు. ఒక్కదానికీ దారం తగల్లేదు.

“మామ్మగారు మా పై వాటాలో ఉండేవారు. సోమవారం పోయారు. ఇవి నీకివ్వమన్నారు.”

పిల్ల ఒక గుండీ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఒక్కటీ కుట్టుకోలేదా?”

“సూదిలో దారం ఎక్కించే చూపెక్కడిది ఆవిడకి!”

“మరెందుకు కొన్నారండీ?”

“నువ్వు కూర్చున్నావో లేదో చూసిపోవడానికి.”

పిల్లకు అర్థం కాలేదు గానీ ఏడుపు మాత్రం ఆగలేదు.

“నలుగురిలో కసిరానండీ. స్టూలు మీంచి లేపేశాను.”

“చెప్పారులే. ఆ సాయంత్రం ఎంత సంబరమో! ‘చట్టం చూపించి మరీ నన్నే లేపేసిందే!’ అని మెట్ల మీదే నన్ను కేకేసి చెప్పారు. మర్నాడే కాళ్ళు పడిపోయాయి. ఇక మంచం దిగలేదు.”

మామ్మగారే గుమ్మంలోకి వచ్చినట్టు పిల్ల చటుక్కున స్టూలు దిగి నిలబడింది.

నర్సు భుజం పట్టి కూర్చోబెట్టింది.

“కూర్చో తల్లీ. ఈ కౌంటరు వెనకే పదమూడేళ్ళు నిలువుకాళ్ళ మీద గుండీలమ్మి, పార్లమెంటు మెంబరై, ‘స్టూలమ్మ వచ్చింది’ అని సభంతా నవ్వినా తొమ్మిదేళ్ళు పట్టు వదలక ఆ బోర్డు మీది చట్టం తెచ్చింది ఆవిడే; ఈ స్టూలు మీద తను కూర్చున్నది మాత్రం ఆ ఒక్క రోజే.”