స్లాబు పడిన రోజు

స్లాబు సగం పడేసరికి కొండలమ్మ కళ్ళు తిరిగి కూలబడిపోయింది.

తట్టలందించే కూలీల వరస ఆగిపోయింది. పడమట నల్లగా మబ్బు కమ్ముకొస్తోంది.

"ఇప్పుడేటమ్మా గతి? మజ్జిలో ఆపితే స్లాబు పాడైపోద్దంట!" ఇంటావిడ అచ్చియమ్మ గొల్లుమంది.

కరుణకుమారి కొండలమ్మకు నీళ్ళు తాగించి, నీడన పడుకోబెట్టింది. పేదల ఇళ్ళకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చే 'సొంతగూడు' సంస్థలో ఆమె ఫీల్డ్ ఆఫీసరు. అచ్చియమ్మకు అప్పు ఇప్పించింది ఆమే.

ఇంతలో ఫోను. సంస్థ అధ్యక్షుడు జగదీశ్వరరావు.

"కరుణా, కొత్త డైరెక్టరు గారు ఇయ్యాలే చేరతారు. విశాఖలో పెద్ద బ్యాంకు నడిపినోరు. బేగి ఆఫీసుకొచ్చీ."

"స్లాబు అవగానే వచ్చి డైరెక్టరు సార్ని కలుస్తానండీ."

కొంగు బిగించి వరసలో నిలబడింది. అయినా వాన పడేలోగా పని అవ్వాలంటే ఇంకో మనిషి కావాలి.

నాతవరం రోడ్డు మీద షేర్ ఆటో దిగి, ఒకావిడ అటే వచ్చింది. నేత చీర, భుజాన సంచి.

"సొంతగూడు అప్పుతో కడుతున్న ఇల్లు ఇదేనా?"

"ఇదేనక్కా. లోను కోసం వచ్చేరా? తర్వాత మాటాడదాం గానీ, ముందు ఈ తట్ట అందుకోండి!"

ఆవిడ నవ్వి, సంచి గోడవార పెట్టి తట్ట అందుకుంది.

"కొత్త డైరెక్టరు సారొచ్చే రోజు ఇక్కడుండిపోతే తిట్టరేటమ్మా నిన్ను?" అంది అచ్చియమ్మ.

"తిడితే పడతాన్లే. నీ స్లాబు మళ్ళీ మళ్ళీ పడుద్దా?"

"ఆ పదవి నువ్వు అడగలేదా?" అంది కొత్తావిడ, తట్ట అందిస్తూ.

"అడిగేనక్కా. డిగ్రీ లేదన్నారు."

"బాధనిపించలేదా?"

"ఓ పూట ఏడిసేను. మర్నాడు ఈ ఇంటి పునాదికి పిలిసేరు, వచ్చీసేను."

ఆవిడ ఇంకో తట్ట అందుకుంది.

ఆఖరి తట్ట పైకెక్కింది. మేస్త్రీ టార్పాలిన్ కప్పాక గానీ చినుకు పడలేదు. అచ్చియమ్మ ఆనందం పట్టలేక అందరికీ కొసరి కొసరి పులిహోర వడ్డించింది. కొత్తావిడా కూలీల మధ్యనే కూర్చుని తిని, చేతులు కడుక్కుని, ఊళ్ళోకి ఆటో ఎక్కేసింది.

కొండలమ్మను ఇంటి దగ్గర దిగబెట్టి, కరుణకుమారి ఆఫీసు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

"సారు వచ్చీసేరా అండీ?"

"వచ్చేరు. వెళ్ళిపోయేరు కూడా," అన్నాడు జగదీశ్వరరావు.

"నా మీద కోపమొచ్చిందా అండీ?"

"కూకో ముందు. ఆ పదవి తనకొద్దనేసేరు. 'నేనిక్కడికొచ్చి నేర్చుకోవలసిన పని కరుణకుమారి ఎప్పుడో చేస్తోంది, ఆమెనే డైరెక్టర్ని చెయ్యండి' అని పట్టుబట్టేరు. డిగ్రీ లేదంటే నవ్వేరు. బోర్డోళ్ళమంతా సరేనని సంతకాలు పెట్టీసేం. రేపట్నించి ఈ సంస్థ నీ సేతుల్లోదేనమ్మా."

కరుణకుమారి కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఆ సారుకి ఒక్క దండం పెట్టొస్తానండీ. ఎటెళ్ళేరు?"

"విశాఖ బస్సు ఎప్పుడో ఎక్కీసేరు," జగదీశ్వరరావు నవ్వాడు. "అయినా సారు కాదమ్మా, పొద్దుట నీ పక్కన నిలబడి తట్టలందించినావిడే."