గెలిచేది ఎలుగుబంటే

అమెరికా అడవిలో అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. ఎలుగుబంటికీ అడవిదున్నకీ పోటీ. తను గెలిస్తే కుందేళ్ల బొరియల మీదుగా తన మందకి దారి వేయిస్తానని దున్న ముందే చెప్పేసింది. కుందేళ్లకి కంటిమీద కునుకు లేదు. మన దేశం నుంచి వలసొచ్చిన జోస్యం చిలక దగ్గరికి పరుగెత్తాయి.

"గెలిచేదెవరో చెప్పవే తల్లీ!"

చిలక పంజరంలోంచి వచ్చి, అటూ ఇటూ నడిచి, ఓ కార్డు లాగింది.

"ఎలుగుబంటే. మీ కుందేళ్ల ఓట్లన్నీ దానికేగా!"

"బతికాం!" అనుకున్నాయి. పోలింగ్ రోజు వాన పడుతుంటే బొరియల్లోనే వెచ్చగా పడుకున్నాయి.

సాయంత్రానికి దున్న గెలిచింది. నేల అదురుతూ మంద బయల్దేరింది.

"అబద్ధం చెప్పావు కదే!" అని ముసలి కుందేలు చిలక మీద విరుచుకుపడింది.

"నేను చెప్పినప్పుడు నిజమే" అంది చిలక. "మీరు పడుకున్నాక అబద్ధమైంది."