తొంభయ్యారో సంచిక

"హీరో ఎడమ చేతికి ఆరు వేళ్లు వేశాడు పెద్దాయన," అంటూ సమీక్షకుడు కొత్త కామిక్ సంచికను సబ్ ఎడిటర్ ముందుకు తోశాడు.

సబ్ ఎడిటర్ లెక్కపెట్టి చూశాడు. "అయితే ఇంకేం, ఉతికి ఆరెయ్యండి."

ఎనిమిదేళ్లుగా నెలనెలా వస్తున్న ఆ బొమ్మల కథను మొదటి సంచిక నుంచీ వదలకుండా సమీక్షిస్తున్నది అతనొక్కడే. గీతలు వణుకుతున్నాయనీ, కథ ఎక్కడికక్కడ చతికిలబడిందనీ, ఇక ముగించడమే మర్యాద అనీ రాశాడు. పేజీ పంపబోతుండగా తడిసిన గొడుగుతో ఒకావిడ గుమ్మంలో నిలబడింది. ఆ బొమ్మలు గీసే పెద్దాయన భార్య.

"కూర్చోండమ్మా."

కూర్చుంది. బల్ల మీది సంచికను చూసి చూపు తిప్పుకుంది.

"మీరు రాసింది తప్ప ఆయన ఇంకేదీ చదవరు బాబూ. నేను చెప్పినా వినరు, పిల్లలు చెప్పినా వినరు. మీ మాటే మాట."

"తెలుసమ్మా."

"పోయిన నెల మీరు మెచ్చుకున్నారు కదా, అప్పట్నుంచి భోజనం కూడా బొమ్మల బల్ల దగ్గరే. గుండె బాగా బలహీనపడిందన్నారు డాక్టరు. అందుకని, ఈసారి మీరు..." ఆవిడ చూపు మళ్లీ ఆ సంచిక మీద పడింది.

మిగతా మాట వినే ధైర్యం అతనికి లేకపోయింది.

"అర్థమైందమ్మా. మీరు నోరు తెరిచి అడగక్కర్లేదు. నేను చూసుకుంటాను."

"మీ మేలు మర్చిపోను," అని కళ్లు తుడుచుకుంటూ లేచింది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, రాసిందంతా కొట్టేశాడు. ఆ వణికే గీతల్లోనే కొత్త ప్రాణం ఉందనీ, నూరో సంచిక కోసం పాఠకులు కళ్లలో వత్తులేసుకుని చూస్తున్నారనీ రాశాడు.

"మరి ఆరు వేళ్లు?" అన్నాడు సబ్ ఎడిటర్.

"నాకు కనపడలేదు."

ఎనిమిదేళ్లలో అతను రాసిన మొదటి అబద్ధం అది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేనిది.

పత్రిక వచ్చిన మర్నాడు మనసు ఆగక ఫోన్ చేశాడు. ఆవిడే ఎత్తింది.

"ఆయన చదివారామ్మా?"

"చదివారు. రెండుసార్లు చదివారు. నూరో సంచిక దాకా గీసి తీరతానని పొద్దున్నే కూర్చున్నారు. ఎంత బతిమాలినా లేవడం లేదు."

"పోనీలెండమ్మా, సంతోషంగా ఉన్నారు కదా."



"ఆపెయ్యమని రాయమనడానికే వచ్చాను బాబూ."