సోమవారం మొదటి కేసు

సోమవారం మొదటి ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది శనివారం మధ్యాహ్నానికి కూడా తేలలేదు. గర్భసంచి కేన్సర్ కేసు. ఫైలు పెద్ద డాక్టరమ్మ సొరుగు దాటి బయటికి రాలేదు.

"తన దగ్గరే అట్టిపెట్టుకున్నారంటే చిన్నమ్మకి ఇవ్వరన్నమాటే," అని నర్సులు గుసగుసలాడుకున్నారు.

చిన్నమ్మంటే ఎవరో కాదు, పెద్దావిడ చేతికింద కత్తి పట్టడం నేర్చుకున్న పిల్లే. ఇప్పుడు వచ్చిన ప్రతి పేషెంటూ "ఆ చిన్న డాక్టరమ్మే చెయ్యాలి" అంటుంటే పెద్దావిడకి ఒళ్ళు మండిపోతోంది. కుళ్ళే, అనుమానం లేదు. ఆ సంగతి ఆవిడే ఒప్పుకుంటుంది, అద్దం ముందు మాత్రం.

తను జానెడు కోత కోసి ఇరవై లింఫు గ్రంథులు తీసేది. కొందరికి తర్వాత కాళ్ళు వాచేవి. ఈ పిల్ల చొక్కా కాజా అంత గాట్లు నాలుగు పెడుతుంది. ఆకుపచ్చ రంగుమందు ఎక్కిస్తుంది. కేన్సర్ పాకితే ముందుగా చేరే గ్రంథి కెమెరాలో మిణుకుమంటుంది. దాన్నే తీసి పరీక్షకి పంపుతుంది. మర్నాటికి పేషెంటు తన కాళ్ళమీద తను నడిచి ఇంటికి పోతుంది.

రెండు వారాలుగా పెద్దావిడ ఆ పిల్ల ఆపరేషన్ల వీడియోలన్నీ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది. ఒక్క తప్పు దొరికితే చాలు. దొరకలేదు. టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యబుద్ధి కాలేదు.

చివరికి పిలిపించింది.

"రంగు ఒకవైపు ఎక్కలేదనుకో. ఏం చేస్తావ్?"

"ఆ వైపు మీరు నేర్పినట్టే అన్నీ తీసేస్తాను మేడం. పేషెంటుకి ముందే చెప్తాను."

"రక్తం ఆగకపోతే?"

"పొట్ట తెరుస్తాను. పంతానికి పోను."

తడుముకుంటుందేమోనని చూసింది. తడుముకోలేదు. ఈ పిల్ల వయసులో తనకి ఇంత నిబ్బరం ఉండేదా?

"సరే. సోమవారం కేసు నువ్వే చెయ్యి."

పిల్ల మొహం వెలిగిపోయింది. అది చూసి పెద్దావిడకి ఇంకాస్త మండింది.

"మరి పేషెంటుని ఒకసారి చూడాలి కదా మేడం?"

పెద్దావిడ సొరుగు లాగి, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టే ఫారం పైకి తీసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ 'డాక్టరు' అన్నచోట సంతకం గీకేసింది.

నాలిక్కరుచుకుని, అది కొట్టేసి, కింద 'పేషెంటు' అన్నచోట మళ్ళీ సంతకం పెట్టింది.